సీటొచ్చింది అంటే "పాపం" అంటారేంటండీ?

"అయ్యో పాపం, ఎండీ రాలేదా?"

మా అమ్మాయికి డీఓ కాలేజీలో మెడికల్ సీటు వచ్చిందని చెప్తే ఎదుటి మనిషి నోట్లోంచి ఊడిపడ్డ మొదటి మాట ఇది. కంగ్రాట్స్ లేదు, ఏ కాలేజీ అన్న ప్రశ్న లేదు. చేతిలో పులిహోర ప్లేటు, మొహం నిండా జాలి. గృహప్రవేశం నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఇంకా చీర కూడా మార్చుకోలేదు. ఇది రాసేస్తే తప్ప ఈ రాత్రి నాకు నిద్ర పట్టేలా లేదు.

టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో వారానికో గృహప్రవేశం ఉంటుందని మీకు తెలుసు కదా. వెళ్లిన ప్రతిచోటా పిల్లల లెక్కలు తీస్తారు. ఎవరి అబ్బాయికి ఏ కాలేజీ, ఎవరి అమ్మాయికి ఏ కంపెనీ. సరే, అడుగుతారు, చెప్తాం. కానీ పక్కనే నిలబడ్డ పిల్ల వింటోందన్న ఇంగితం కూడా ఉండదా? అది ఇంటికొచ్చే దారంతా కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "నాకేం ఫీలింగ్ లేదమ్మా" అంది. ఉంటే ఏం చేస్తుంది, ఇరవై రెండేళ్ల పిల్ల, పెద్దవాళ్లని ఎదురు తిరిగి అనడం మనమే నేర్పలేదాయె.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. అమెరికాలో డాక్టర్ అవ్వాలంటే రెండు రకాల కాలేజీలున్నాయి, ఎండీ, డీఓ. డీఓ అంటే ఆస్టియోపతిక్. రెండిటికీ ముందు డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ అనే రోజంతా పట్టే పరీక్ష, ఆ తర్వాత నాలుగేళ్ల చదువు, ఆపైన ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే రెసిడెన్సీ. 2020 నుంచి రెసిడెన్సీలకి గుర్తింపు ఇచ్చే వ్యవస్థ కూడా ఒకటే. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, 50 రాష్ట్రాల్లోనూ పూర్తి లైసెన్సు. డీఓ వాళ్లు దీనిమీద ఇంకో 200 గంటలు చేతులతో వెన్ను, కీళ్లు, కండరాలు పట్టి చూసి సరిచేసే విద్య నేర్చుకుంటారు. అంతే తేడా. ఇప్పుడు ఈ దేశంలో మెడిసిన్ చదువుతున్న ప్రతి నలుగురిలో ఒకరు డీఓ. అంటే నలుగురిలో ఒకరు పాపం అన్నమాట.

అక్కడే ఇంకో పెద్దావిడ "పర్లేదులేమ్మా, ముందు డీఓ చేసి తర్వాత ఎండీ చేస్తుంది" అన్నారు. ఆవిడ మీద నాకేం కోపం లేదు. మన దగ్గర ఎంబీబీఎస్ తర్వాత ఎండీ కదా, అలాగే అనుకున్నారు, పైగా పిల్ల తల మీద చెయ్యేసి మరీ అన్నారు. నా కోపమంతా తెలిసి అన్నావిడ మీద.

ఎందుకంటే ఆవిడ డాక్టరు గారి భార్య. ఆయన ఆంధ్రాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడికొచ్చారు. జే-1 వీసా వాళ్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న రూలు నుంచి మినహాయింపు (వేవర్) కోసం వాల్‌మార్ట్ తప్ప ఇంకేమీ లేని ఊళ్లో మూడేళ్లు పనిచేశారు. ఒకప్పుడు మా ఇంట్లోనే భోంచేస్తూ "ఎంత చేసినా ఫారిన్ గ్రాడ్యుయేట్ అని ఒక మెట్టు కిందనే చూస్తారు చెల్లెమ్మా" అని బాధపడితే, మా ఆయన ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి ఓదార్చారు. ఆ ఇంటి మనిషికి ఇప్పుడు మా పిల్ల ఒక మెట్టు కింద కనిపిస్తోంది! 2024 మ్యాచ్‌లో, అంటే ఏటా రెసిడెన్సీ సీట్లు కేటాయించే ప్రక్రియలో, ఎండీ ఫైనలియర్ పిల్లల్లో 93 శాతానికి పైగా రెసిడెన్సీ దొరికింది. డీఓ పిల్లల్లో 92 శాతానికి పైగా. బయటి దేశాల పౌరులై బయట చదువుకొచ్చిన డాక్టర్లలో 58 శాతం చిల్లర. ఎవరు ఎవర్ని చూసి పాపం అనాలక్కా? నేనైతే ఎవర్నీ అనను. వాళ్ల కష్టం నాకు తెలుసు కాబట్టి.

ఇంకోటి చెప్పనా? ఆ అక్క బీపీకి వెళ్లే ఫ్యామిలీ డాక్టరు డీఓ. ఆవిడే నాకు ఆ నంబరిచ్చారు, "చాలా ఓపిగ్గా చూస్తారు" అని. కోటు మీద పేరు పక్కన ఆ రెండక్షరాలు రాసే ఉంటాయి. చదివితే కదా. మళ్లీసారి బీపీ చూపించుకునేటప్పుడు ఆయన్ని కూడా "అయ్యో పాపం" అంటారేమో చూడాలి.

2020 అక్టోబరులో ట్రంప్‌కి కోవిడ్ వస్తే మీడియా ముందు నిలబడి మాట్లాడిన వైట్‌హౌస్ డాక్టర్ షాన్ కాన్లీ డీఓ. అప్పుడు కూడా ఇంటర్నెట్ అంతా ఇదే గోల, ఈయన అసలు డాక్టరేనా అని. తర్వాత బైడెన్‌ని చూసుకున్న కెవిన్ ఓకానర్ కూడా డీఓనే. ఇద్దరు అధ్యక్షుల నాడి పట్టుకోవడానికి పనికొచ్చింది గానీ మా కాలనీ గృహప్రవేశానికి పనికిరాలేదు.

ఈ మధ్యే తెలిసినవాళ్ల అబ్బాయిని కరీబియన్ దీవుల్లో మెడిసిన్‌కి పంపారు. పిల్లాడు మంచివాడు, కష్టపడతాడు, వాణ్ణి ఏమీ అనను. కానీ హాలు బుక్ చేసి, కేకు మీద స్టెతస్కోపు పెట్టి మరీ పార్టీ ఇచ్చారు. ఎవరైనా పాపం అన్నారా? అనలేదు. ఎందుకు? అక్కడిచ్చే డిగ్రీ పేరు ఎండీ. అక్షరాలు సరిపోతే చాలు, ఆ కాలేజీలో చేరినవాళ్లలో చివరిదాకా ఎంతమంది మిగులుతారో ఎవరికీ అక్కర్లేదు.

అసలు ఈ సీటు కోసం పిల్ల పడ్డ తిప్పలు చూస్తే ఆ మాట అనేవారా? డీఓ కాలేజీలకి ఆకోమాస్ అనే అప్లికేషన్, ఎండీకి ఆమ్‌కాస్ అని ఇంకోటి, మా టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకి మళ్లీ టీఎండీసాస్ అని వేరేది. మూడు చోట్లా అదే జీవితచరిత్ర, కాకపోతే అక్షరాల లెక్క అన్నిటికీ ఒకటి కాదు. రెండిటికి 5,300 అక్షరాలు, ఇంకోదానికి 5,000. మన ఊళ్లో రేషన్ షాపువాడు చక్కెర తూచినట్టు మా పిల్ల కామాలు తూచుకుంటూ కూర్చుంది. ఆకోమాస్‌లో మొదటి కాలేజీకి దాదాపు 200 డాలర్లు, ఆపైన ఒక్కో కాలేజీకి విడిగా కట్టాలి. అది అయ్యాక "సెకండరీ" అని ప్రతి కాలేజీ మళ్లీ వ్యాసాలు పంపి, చదివినందుకు మళ్లీ ఫీజు అడుగుతుంది. ఆ వేసవంతా మా క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ చూస్తే ఎవరో కార్డు కొట్టేసి వాడుతున్నారనుకోవాలి.

ఆ వ్యాసాల్లో అన్నిటికన్నా పెద్ద నాటకం "ఆస్టియోపతీయే ఎందుకు?" అన్న ప్రశ్న. దేశంలో ఉన్న పిల్లలందరూ ఒకే జవాబు రాస్తారు, రోగాన్ని కాదు, మనిషిని మొత్తంగా చూడాలి అని. మా అమ్మమ్మ ఈ మాట ఏ ఫీజూ లేకుండా చెప్పేది. కాకపోతే మా అమ్మాయి నిజంగానే ఒక డీఓ డాక్టరమ్మ క్లినిక్‌లో నెలల తరబడి వెనకాలే నిలబడి చూసింది. చాలా కాలేజీలు డీఓ డాక్టర్ దగ్గర్నుంచి ఉత్తరం ఉంటే మంచిదంటాయి, కొన్ని ఉండి తీరాలంటాయి. ఒకరోజు మెడ తిప్పలేని ట్రక్కు డ్రైవర్ని ఆవిడ చేతులతోనే సరిచేసి, అదే విజిట్‌లో షుగర్ మందు మార్చి, భార్య చనిపోయిన సంగతి కూడా అడిగి తెలుసుకుందట. ఆ రాత్రి పిల్ల అన్నం తినడం మర్చిపోయి ఆ కథే చెప్పింది. చేతిలో సీటున్నా, టెక్సాస్‌లో ఫిబ్రవరిలో కాలేజీ సీట్ల కోసం ఇంకో రకం మ్యాచ్ ఉంటుంది, పిల్లలు కాలేజీలని వరస పెట్టి ఇవ్వాలి. ఫోర్ట్‌వర్త్‌లో 1970 నుంచి ఉన్న డీఓ కాలేజీని అన్నిటికన్నా పైన పెడతానంటోంది మా పిల్ల. ఎండీ రాక కాదు తల్లీ, కావాలని!

డీఓ వాళ్ల గురించి నాకు ఫిర్యాదులు లేవని కాదు. బోలెడున్నాయి. ఎండీ కాలేజీల్లో చాలావాటికి సీటు పట్టి ఉంచడానికి వంద డాలర్లు, అదీ చాలాచోట్ల తిరిగొస్తుంది. డీఓ కాలేజీలు కొన్ని వేలల్లో డిపాజిట్ అడుగుతాయి, వేరేచోటికి వెళ్తే ఆ డబ్బుకి నీళ్లొదులుకోవాలి. లోపలికెళ్లాక కామ్లెక్స్ అని వాళ్ల పరీక్ష ఉంటుంది, చాలా రెసిడెన్సీలు ఎండీ వాళ్లు రాసే యూఎస్ఎంఎల్ఈ మార్కు కూడా చూస్తాయని పిల్లలు రెండూ రాసి చస్తారు. పుర్రె ఎముకలు కదుపుతామనే ఆ "క్రేనియల్" పాఠం మీద డీఓ పిల్లలే జోకులేసుకుంటారు. ఫీజుల సంగతి సరేసరి. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్లు తీసేశారు. ఫెడరల్ లోను ఏడాదికి 50,000 డాలర్లే, మొత్తం 2,00,000 దాటదు. ప్రైవేటు కాలేజీల్లో చాలావాటి ఒక్క ట్యూషనే అది దాటిపోతుంది. మిగతాది ఎక్కడ్నుంచి తేవాలి, తిండి ఎవరు పెడతారు? అడిగితే ఇది అడగండి. ఈ టెన్షన్ గురించి ఎవరైనా నన్ను "పాపం" అంటే కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.

పాపం అనాలంటే మా ఫ్రెండ్ కూతుర్ని అనండి. హైదరాబాద్‌లో పుట్టి, చిన్నప్పుడే వచ్చి ఇక్కడే పెరిగింది. తండ్రి ఉద్యోగం మీద వచ్చే హెచ్4 వీసా. వాళ్ల నాన్న గ్రీన్‌కార్డు లైన్ ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. 21 నిండగానే ఎఫ్1 అనే స్టూడెంట్ వీసాకి మారాల్సొచ్చింది. ఎండీ అయినా డీఓ అయినా చాలా కాలేజీలు పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తప్ప అప్లై చేయొద్దంటాయి. ఫెడరల్ లోను మాటే లేదు. మా అమ్మాయి కంటే మంచి మార్కులా పిల్లవి.

ఈ చిన్నచూపు ఇప్పటిది కూడా కాదు. 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో మొదటి డీఓ కాలేజీ పెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన, మెనింజైటిస్‌తో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుని, పాదరసం తాగించి రక్తం తీసే అప్పటి వైద్యం మీద నమ్మకం పోయిన మనిషి. మొదటి బ్యాచ్‌లోనే ఆడవాళ్లని చేర్చుకున్నాడు. ఇక 1962లో కాలిఫోర్నియాలో ఏం జరిగిందో తెలుసా? ఎండీల సంఘం వాళ్లు డీఓలని కలిపేసుకుంటున్నాం అని, 65 డాలర్లు కట్టించుకుని సుమారు 2,000 మంది డీఓలకి ఎండీ పట్టా ఇచ్చేశారు. కొత్తగా పెద్దగా చదివిందేం లేదు. నిన్నటిదాకా పనికిరాని డాక్టరు 65 డాలర్లకి పనికొచ్చాడు!

ఆడవాళ్లని చేర్చుకున్నాడు అని రాశాక నాకు వేరే మంట మొదలైంది. ఆపుకోలేను, చదవండి.

మా రోజుల్లో ఎంసెట్. నాకు సీటు కొద్దిలో పోయింది. ఒక్క ఏడాది విజయవాడలో లాంగ్ టర్మ్ పెట్టిస్తే వస్తుందని మా లెక్చరరే ఇంటికొచ్చి చెప్పారు. నాన్న సగం ఒప్పుకున్నారు కూడా. అప్పుడు మా పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆడపిల్లకి లాంగ్ టర్మ్ ఏంటి బావగారూ, ఆ డబ్బు పెళ్లికి దాచండి" అంది. అయిపోయింది. బీఎస్సీ, తర్వాత ఎంసీఏ, తర్వాత పెళ్లి, తర్వాత ఇదిగో, టెస్టింగ్ ఉద్యోగం. ఆ పిన్ని కొడుక్కి కర్ణాటకలో డొనేషన్ కట్టి సీటు కొన్నారు. రెండెకరాలు అమ్మారు. వాణ్ణి ఇప్పటిదాకా "నీ ర్యాంకెంత నాయనా" అని అడిగిన మగాడు లేడు, ఆడది లేదు. ఊళ్లో దిగితే డాక్టరు గారూ, డాక్టరు గారూ. పొలం అమ్మి కొన్న సీటుకి లేని నామోషీ, ఎంక్యాట్ రాసి, ఇంటర్వ్యూలు దాటి, తనంతట తాను తెచ్చుకున్న సీటుకి ఎలా వచ్చింది?

పొద్దున అదే పిన్ని వీడియో కాల్‌లో "పోనీలే, ఏదో ఒకటి వచ్చింది. ఇంతకీ అది ఎముకల డాక్టరా?" అంది. సిగ్నల్ లేదని కట్ చేశాను. వైఫై నిండుగా ఉంది.

ఇంతలో మ్యారేజ్ బ్యూరో ఆయన ఒకరు. పిల్ల ఇంకా మెడికల్ కాలేజీ గుమ్మం కూడా తొక్కలేదు, అప్పుడే సంబంధమట. "అబ్బాయి వాళ్లకి డీఓ అయినా అభ్యంతరం లేదట మేడమ్. బయోడేటాలో మాత్రం ఉత్త డాక్టర్ అని రాద్దాం" అని మెసేజ్. అభ్యంతరం లేదట! ఆ అబ్బాయి ఏం చేస్తాడని అడిగాను. జాబ్ ట్రయల్స్‌లో ఉన్నాడట.