భీమిలిలో బీచ్ తప్ప ఏముందని అడిగేవాళ్లకు

ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. డచ్చివారి శ్మశానంలో ఒక కుర్రవాడు కారు తాళంచెవితో సమాధి మీద తన పేరూ పక్కన ఇంకో పేరూ గీకుతున్నాడు. గీత గీతకూ సున్నం పొడి రాలి అతని చెప్పుల మీద పడుతోంది. స్నేహితుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. "ఏం బాబూ, ఇదేం పని?" అంటే చెయ్యి ఆపకుండానే, "ఎవరిదో పాత సమాధి కదండీ, మనవాళ్లది కాదుగా" అన్నాడు.

మనవాళ్లది కాకపోవడమేమిటి? డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది మన బట్ట కోసం, మన బియ్యం కోసం. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్లకు అప్పగించేదాకా ఆ వ్యాపారమే. ఆ బట్ట నేసిన చేతులెవరివి? కెరటాలకు ఎదురెళ్లి, దూరంగా లంగరు వేసిన ఓడలకు పడవల మీద సరుకు చేర్చిందెవరు? తర్వాత మన గోగునార 'బిమ్లి జూట్' అని ఈ ఊరి పేరుతోనే దేశాలు దాటింది. ఆ రాళ్ల మీద చెక్కిన డచ్చి అక్షరాలు వేలికి ఇంకా తగులుతూనే ఉన్నాయి. వాటిలో సగం కథ మన తాతముత్తాతలది.

గంటస్తంభం దగ్గర బయల్దేరి, శ్మశానం చూసి, దీపస్తంభం పక్కగా ఇసుకలోకి దిగి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసుకుని, పాత బంగళాల వీధుల్లోంచి మళ్లీ గంటస్తంభానికి చేరవచ్చు. తీరికగా నడిచినా పూట పట్టదు. ఓపిక ఉంటే నరసింహస్వామి గుడి మీదుగా పావురాళ్లకొండ ఎక్కండి. బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు అక్కడున్నాయి. ఇంత చిన్న చుట్టులో ఇన్ని కాలాలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయి చెప్పండి! విశాఖ నుంచి కారులో వచ్చేవాళ్లు మాత్రం తీరం దగ్గర దిగి, వేయించిన చేపలు తిని, ఫొటో దిగి వెళ్లిపోతారు.

అసలు వాళ్లననీ లాభం లేదు. దారి చూపే బోర్డు సరైనది ఒక్కటైనా ఉందా? 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు మాది. దేశంలోని అతి పాత పురపాలక సంఘాల్లో ఒకటి. దాన్ని తీసుకెళ్లి మహానగరంలో కలిపేశారు. అప్పటి నుంచి మా ఊరు విశాఖకు చివరి బస్టాపు అయిపోయింది. సమాధుల దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టండని అడిగితే ఈ కార్యాలయం ఆ కార్యాలయానికి పొమ్మంటుంది, అక్కడికి వెళ్తే నిధులు లేవంటారు. తీరంలో ఉత్సవాలకు వేదికలు కట్టడానికి, రంగురంగుల దీపాలు పెట్టడానికి మాత్రం నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఆ దీపాలకయ్యే ఖర్చులో ఒక కాపలా మనిషికి జీతం రాదా? భీమిలివాళ్లెవరైనా ఈ మాట అధికారుల ముఖం మీద అడిగారా? అడగకపోతే ఈ వారమే కలిసి వెళ్దాం, కింద పేర్లు రాయండి.