అయిదు సెల్స్, 128 వోల్టులు

కార్డ్‌లెస్ డ్రిల్లుకు ఒరిజినల్ బ్యాటరీ కొనాలా, డూప్లికేట్ కొనాలా అన్న ప్రశ్న మీద మన సమాజంలో ఇంతవరకూ సరైన చర్చ జరగలేదు. బిర్యానీలో ఆలుగడ్డ వెయ్యొచ్చా అన్నదాని మీద జరిగింది. దీని మీద జరగలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు. ముందే చెప్పేస్తున్నాను, నాది డూప్లికేట్ పక్షం. 1,300 రూపాయలు పోసి కొన్నాక ఇంకా తటస్థంగా ఉండటం నావల్ల కాదు.

సంగతి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మొదలైంది. నా డ్రిల్లు బ్యాటరీ నాలుగేళ్లు పనిచేసి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా కన్నుమూసింది. కొత్తది అడిగితే కౌంటర్ వెనక కుర్రాడు, "ఒరిజినల్ కావాలా సార్, ఒరిజినల్ లాంటిది కావాలా?" అన్నాడు.

"తేడా ఏంటి?"

"ఆరు వేలు."

ఇంత సూటిగా మాట్లాడిన వ్యాపారిని నేను ఈమధ్య చూడలేదు. గ్యారంటీ సంగతి అడిగాను. "షాపు మెట్లు దిగేదాకా మాదే బాధ్యత సార్" అన్నాడు.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒరిజినల్ మీద 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్స్ (ఎంత ఛార్జి పడుతుందన్న లెక్క, అంటే 5000 ఎంఏహెచ్) అని చిన్న అక్షరాల్లో ఉంది. 7,300 రూపాయలు తీసుకుంటూ చెప్పుకోడానికి వీళ్లకి అంతకన్నా మంచి అంకె దొరకలేదు. డూప్లికేట్ మీదేమో బంగారు రంగులో 128 వీఎఫ్, కింద 15000 ఎంఏహెచ్. ఐదో వంతు కూడా లేని డబ్బుకి ఏడు రెట్ల వోల్టులు. లెక్కలు వచ్చినవాడెవడైనా ఏది కొంటాడు?

లెక్కలు మరీ ఎక్కువ వచ్చినవాళ్లతోనే చిక్కు. మా బావమరిది ఎలక్ట్రికల్ ఇంజనీరు. "లిథియం సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు బావా. అయిదు వరసగా కలిపితే 18. ఫుల్ ఛార్జింగ్‌లో ఒక్కోటి 4.2కి వెళ్తుంది, అప్పుడు 21. నీకు నిజంగా 128 కావాలంటే 36 సెల్స్ పట్టాలి. సెల్స్ బరువే కిలోన్నర దాటుతుంది" అన్నాడు. మరి 15000 సంగతేంటి అంటే, ఆ సైజు సెల్‌లో ఎంత మంచిదైనా 3,500 దగ్గర ఆగిపోతుందట. "సమాంతరంగా కలిపితే ఆంపియర్లు పెరుగుతాయి, వరసగా కలిపితే వోల్టులు పెరుగుతాయి. స్టిక్కర్ మీద కలిపితే రెండూ పెరుగుతాయి బావా."

వీఎఫ్ అంటే వాడికీ తెలియదు. మోడల్ నంబరు అయ్యుంటుందన్నాడు. వోల్ట్ ఫీలింగ్ అని నా అభిప్రాయం.

అయినా పెద్ద కంపెనీలేమైనా ధర్మరాజులా? అవే అయిదు సెల్స్ పెట్టి డీవాల్ట్ అమెరికాలో '20 వోల్ట్ మాక్స్' అని రాస్తుంది, యూరప్‌లో 18 అని రాస్తుంది. అట్లాంటిక్ దాటేలోపు రెండు వోల్టులు సముద్రంలో పడిపోతాయన్నమాట. అప్పుడే ఛార్జింగ్ తీసి, ఏ పనీ చెప్పకుండా కొలిస్తే 20 పైనే వస్తుంది, పనిచేసేటప్పుడు 18. రెండూ నిజమే. కోట్లున్నవాడు రెండు వోల్టులు పెంచుకుంటే అది మార్కెటింగ్. లేనివాడు 110 పెంచుకుంటే మాత్రం మోసం!

శాస్త్రీయ పరిశీలన కోసం మా వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లాను. నా పాత ఒరిజినల్‌ని కాటా మీద పెడితే 630 గ్రాములు తూగింది. కొత్త డూప్లికేట్ 380. కొట్టాయన రెండింటినీ చేతిలో అటూ ఇటూ మార్చి చూసి, "ఇందులో సగం గాలి సార్, మా చిప్స్ ప్యాకెట్ లాగా" అన్నాడు. నాకు మాత్రం ఇందులో మేస్త్రి భుజం మీద కంపెనీకున్న దయ కనిపించింది.

మేస్త్రి అంటే గుర్తొచ్చింది. కర్టెన్ రాడ్లు బిగించడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రికి నా 128 వోల్టుల డ్రిల్లు గర్వంగా అందించాను. గాల్లో అద్భుతంగా తిరిగింది. గోడకి ఆనించగానే ఆలోచనలో పడింది. కాస్త నొక్కితే ఆగిపోయింది. బ్యాటరీ మీద బటన్ నొక్కితే నాలుగు లైట్లూ దేదీప్యమానంగా వెలిగాయి. నాసిరకం సెల్స్ ఖాళీగా కూర్చున్నప్పుడు వోల్టేజీ బాగానే చూపిస్తాయి, ఒక్కసారిగా ఇరవై ఆంపియర్లు అడిగితే చతికిలపడతాయి. మేస్త్రి ఏమీ అనలేదు. సంచిలోంచి సొంత బ్యాటరీ తీసి తగిలించుకుని, రెండు నిమిషాల్లో ఎనిమిది రంధ్రాలు వేశాడు. తర్వాత నా బ్యాటరీ కింద నాలుగు స్క్రూలు విప్పి మూత తీసి చూపించాడు.

లోపల పది సెల్స్ పట్టే చోటుంది. అయిదే ఉన్నాయి. మిగతా అయిదు గుంటలూ శుభ్రంగా, ఖాళీగా, ఏసీ స్లీపర్ బెర్తుల్లా ఉన్నాయి.

ఇంకో విశేషం బావమరిది కనిపెట్టాడు. ఒరిజినల్ బ్యాటరీలో వేడి కొలిచే థర్మిస్టర్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. బ్యాటరీ కాగిపోతుంటే అది ఛార్జర్‌కి చెప్తుంది, ఛార్జర్ ఆగుతుంది. నా దాంట్లో దాని బదులు పైసల ఖరీదు చేసే మామూలు రెసిస్టర్ అతికించారు. ఛార్జర్ ఎప్పుడడిగినా అది '25 డిగ్రీలు' అనే చెప్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో పెట్టినా 25 డిగ్రీలే. బ్యాటరీకి నిప్పంటుకున్నా 25 డిగ్రీలే. ఇంత స్థితప్రజ్ఞత యోగులకు కూడా సాధ్యం కాదు.

ఒరిజినల్ అలా కాదు, దానికి అభిమానం ఎక్కువ. కొన్నాళ్లు వాడకుండా మూల పడేస్తే, ఒక సెల్ వోల్టేజీ గీత దాటి దిగిపోయిందని లోపలి సర్క్యూట్ అలకపాన్పు ఎక్కుతుంది. ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు ఆర్పి వెలిగించి, నాకేం వద్దు పొమ్మంటుంది. ఏడు వేలు కట్నం తీసుకున్న అల్లుడు మరి. పైగా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి ఎక్కదు. ఒక్క డ్రిల్లు కొంటే గ్రైండరూ, రంపమూ, చివరికి ఆకులు ఊదే బ్లోయరూ ఆ ఇంటినుంచే తెచ్చుకోవాలి. యూరప్‌లో రెండు మూడు కూటములు కట్టి కొన్ని బ్రాండ్లు బ్యాటరీలు కలుపుకున్నాయి గానీ, మిగతా పెద్దవాళ్లు ఎవరి కుంపటి వారిదే. డూప్లికేట్ తయారీదారులు మాత్రం ఏ సమావేశమూ పెట్టుకోకుండా, ఏ ఒప్పందమూ రాసుకోకుండా, అందరూ కలిసికట్టుగా మకీటా అనే జపాన్ కంపెనీ బ్యాటరీ గాడినే కాపీ కొట్టారు. ఇప్పుడు ఆ ప్రపంచంలో చాలావరకు ఎవరి బ్యాటరీ అయినా ఎవరి డ్రిల్లుకైనా ఎక్కుతుంది. కులాంతర వివాహాల్లో మనం సాధించలేనిది వాళ్లు ప్లాస్టిక్‌లో సాధించారు.

ఛార్జింగ్ పెట్టడం వల్ల కుటుంబ బంధాలు కూడా బలపడ్డాయి. ఇదివరకు రాత్రి పడుకునే ముందు ప్లగ్‌లో పెట్టి మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు బాల్కనీలో బండ మీద పెట్టి, పొయ్యి మీద పాలకి కాపలా ఉన్నట్టు నేనూ మా ఆవిడా కుర్చీలేసుకుని కూర్చుంటున్నాం. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఇన్ని కబుర్లు ఎప్పుడూ చెప్పుకోలేదు. "వేడెక్కిందా?" అని ఆవిడ అడుగుతుంది. నేను వేలితో తాకి చూస్తాను. 25 డిగ్రీలు అయితే కాదు.

ఆ రోజు మూత బిగించి తిరిగిస్తూ మేస్త్రి అన్నాడు, "పారెయ్యకండి సార్. నా దగ్గర కూడా ఒకటుంది. ఎవరన్నా డ్రిల్లు అడిగితే దాన్ని తగిలించి ఇస్తా."

ఆదివారం పై ఫ్లాట్ ఆయన వచ్చాడు, గోడ గడియారం పెట్టుకోవాలి, డ్రిల్లు ఉందా అని. ఇచ్చాను. స్టిక్కర్ చూసి ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"128 వోల్టులే! మా గోడ తట్టుకుంటుందంటారా?"

కాస్త మెల్లగా నొక్కండి అని చెప్పి పంపించాను.