డివిజన్లు పెరిగితే ఎమ్మెల్యే సీటు చీలదు: శేరిలింగంపల్లి మెసేజ్‌కు జవాబు

హైదరాబాద్ పడమటి శివార్లలోని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద నియోజకవర్గం శేరిలింగంపల్లి. పీజేఆర్ పోయాక ఆయన కోటను ముక్కలు చేసి, కావాలనే దీన్ని ఇంత పెద్దగా గీశారు. ఇప్పుడు జీహెచ్ఎంసీ డివిజన్లు పెరిగాయి కాబట్టి వచ్చే ఎన్నికలకు ఇది రెండు సీట్లవుతుంది, ప్రభుత్వం జీవో ఇస్తే చాలు. ఇక్కడ గెలుపోటములు సెటిలర్ల చేతిలోనే ఉంటాయి. ఏడు లక్షల్లో సగం దొంగ ఓట్లు, పోలింగ్ శాతమే సాక్ష్యం."

ఇందులో మొదటి వాక్యం నిజం. 2023 ఎన్నికల నాటికి ఇక్కడి ఓటర్లు 7 లక్షల 32 వేల పైచిలుకు, తెలంగాణలో అదే అత్యధికం. మిగతా మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం.

"పీజేఆర్ పోయాక ముక్కలు చేశారు"

పీజేఆర్ అంటే ఖైరతాబాద్ కాంగ్రెస్ ఎమ్మెల్యే పి. జనార్దన్ రెడ్డి. ఆయన 2007 డిసెంబరు 28న కన్నుమూశారు. నియోజకవర్గాల హద్దులు గీసే పునర్విభజన కమిషన్ అంతకు అయిదేళ్ల ముందే, 2002లో, జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడింది. ఆ కసరత్తుకు 2008 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. తారీఖులు దగ్గరదగ్గరగా ఉండటంతో ఒకదాని వల్ల మరొకటి జరిగిందనే కథ అల్లుకుంది. పైగా పీజేఆర్ మరణంతో ఖాళీ అయిన ఖైరతాబాద్ స్థానానికి 2008లో జరిగిన ఉప ఎన్నిక పాత హద్దులతోనే జరిగింది, ఆయన కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు. ఉన్న సభ గడువు తీరేదాకా పాత నియోజకవర్గాలే చెల్లుతాయన్నది చట్టం. కొత్త గీతలు 2009 సాధారణ ఎన్నికలతోనే అమల్లోకి వచ్చాయి. పాత ఖైరతాబాద్ పరిధిలోంచి జూబ్లీహిల్స్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి పుట్టింది అప్పుడే. అన్నట్టు, ఆ కోట కూడా బద్దలు కానిదేమీ కాదు. 1999లో తెలుగుదేశం అభ్యర్థి, సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు పీజేఆర్‌ను అక్కడే ఓడించారు.

"కావాలనే పెద్దగా గీశారు"

గీసిన రోజున ఇది పెద్దది కాదు. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7.62 కోట్లు, అసెంబ్లీ సీట్లు 294. భాగిస్తే సీటుకు సగటున 2 లక్షల 59 వేల మంది. దానికి పది శాతం అటూ ఇటూ పట్టుకుని గీతలు గీశారు. మొత్తం 294 మారకుండానే శివార్లకు సీట్లు పెంచారు కాబట్టి ఉమ్మడి రంగారెడ్డి జిల్లాకు 14 వచ్చాయి, ఆ మేరకు పల్లె జిల్లాలు కొన్ని సీట్లు కోల్పోయాయి. అంటే ఆ పునర్విభజన శివార్లకు మేలే చేసింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, లెక్క 2001 నాటిది, ఓటు వేసింది 2009లో. ఆ మధ్యలోనూ ఆ తర్వాతా మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ ఎలా నిండిపోయాయో చెప్పనక్కర్లేదు. కుత్బుల్లాపూర్ కూడా దాదాపు 7 లక్షలకు చేరింది, మేడ్చల్ 6 లక్షలు దాటింది. ఇది ఒక్క శేరిలింగంపల్లికి జరిగిన అన్యాయం కాదు. గీత ఆగిపోయింది, ఊరు పెరిగింది.

లక్షా 48 వేల ఓటర్లున్న భద్రాచలంతో పోల్చి "అయిదు రెట్లు" అనడం కూడా మామూలైంది. అంకె సరైనదే, పోలికే సరికాదు. పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వీఆర్ పురం, పట్టణం మినహా భద్రాచలం మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోవడంతో ఆ నియోజకవర్గం కుంచించుకుపోయింది. ఓటు విలువలో ఎంత తేడా ఉందో చూపాలంటే సగటు నియోజకవర్గంతో పోల్చాలి. అలా చూసినా తేడా చాలా పెద్దదే, దాన్ని ఉబ్బించి చెప్పాల్సిన పని లేదు.

"ప్రభుత్వం జీవో ఇస్తే చాలు"

అసలు తప్పు ఇక్కడే ఉంది. డివిజన్లు వేరు, నియోజకవర్గాలు వేరు. కార్పొరేషన్ డివిజన్లను గీసేది రాష్ట్ర ప్రభుత్వం. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీని చేసింది, 150 డివిజన్లు పెట్టింది, 2025 డిసెంబరులో వాటిని 300 చేసింది. ఇవేవీ అసెంబ్లీ గీతను అంగుళం కూడా కదపలేదు, కదపలేవు.

సీట్ల సంఖ్య రాజ్యాంగంలోని 170వ అధికరణం చేతిలో ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు ప్రచురితమయ్యేదాకా రాష్ట్రాల అసెంబ్లీ సీట్లను సవరించనక్కర్లేదని అది చెబుతోంది. రాష్ట్ర విభజన కోసం చేసిన 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచాలంది. మెసేజ్‌లు ఆ అంకెలనే పట్టుకుంటాయి. ఆ సెక్షన్‌లోనే "170వ అధికరణానికి లోబడి" అన్న మాట ఉందని మాత్రం చెప్పవు. ఆ మాటతోనే తలుపు మూసుకుంది. జమ్మూ కశ్మీర్‌లో నియోజకవర్గాల పునర్విభజన చేశారు కదా, మాకెందుకు చేయరంటూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులై 25న కొట్టేసింది. కేంద్రపాలిత ప్రాంతానికి 170వ అధికరణం వర్తించదు, రాష్ట్రాలకు వర్తిస్తుంది, పోలిక కుదరదన్నది ఆ తీర్పు.

కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ లెక్కలు వచ్చాక పార్లమెంటు పునర్విభజన చట్టం చేయాలి, కమిషన్ వేయాలి, ముసాయిదా ప్రచురించాలి, బహిరంగ విచారణలు జరపాలి. కిందటిసారి కమిషన్ పుట్టినప్పటి నుంచి రాష్ట్రపతి ఆమోదం పడేదాకానే దాదాపు ఆరేళ్లు పట్టింది. కమిషన్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు ఉండదు. కాబట్టి "మా నాయకుడు సీటు చీల్పిస్తాడు" అన్న హామీకి విలువ లేదు. కాలనీ సంఘాలు చేయగలిగింది ముసాయిదా వచ్చినప్పుడు ఏ వార్డు ఎటు ఉండాలో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడం.

గీత ఎంత మొండిదో చూడాలంటే హైదర్‌నగర్ చాలు. రెవెన్యూ పరంగా అది కూకట్‌పల్లి మండలం. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి పోయింది. ఓటు మాత్రం శేరిలింగంపల్లిలోనే, ఎంపీ చేవెళ్లకు. వివేకానందనగర్ వాళ్లూ చిరునామాలో కూకట్‌పల్లి అని రాసుకుంటారు, ఓటు వేసేది శేరిలింగంపల్లికి. పక్కనే ఉన్న కేపీహెచ్‌బీ కాలనీ కూకట్‌పల్లి నియోజకవర్గం, ఎంపీ మల్కాజిగిరికి.

"సెటిలర్ల చేతిలోనే"

ఓటరు నమోదుకు నింపే ఫారం 6లో పుట్టిన ఊరు, జిల్లా అడుగుతారు గానీ, ఓటరు జాబితాలో ఆ వివరం ఉండదు. కాబట్టి "ఇంత లక్షల సెటిలర్ ఓట్లు" అని ఎవరు చెప్పినా అది అంచనాయే. ఫలితాలు చూస్తే 2009లో కాంగ్రెస్ నుంచి స్థానికుడు భిక్షపతి యాదవ్ గెలిచారు. 2014లో తెలుగుదేశం నుంచి అరెకపూడి గాంధీ గెలిచారు. ఆ తర్వాత టీఆర్ఎస్‌లోకి వెళ్లిన ఆయనే 2018లో ఆ పార్టీ నుంచి, 2023లో బీఆర్ఎస్ నుంచి గెలిచారు. 2016 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో టీఆర్ఎస్ 99 డివిజన్లు గెలిస్తే తెలుగుదేశానికి దక్కింది ఒక్కటే, కేపీహెచ్‌బీ కాలనీ. అది శేరిలింగంపల్లిలో లేదు. గంపగుత్తగా ఒకే వైపు పడే ఓటైతే లెక్క ఇలా తేలేది కాదు.

"సగం దొంగ ఓట్లు"

2023లో ఇక్కడ పోలింగ్ 49 శాతం లోపే. దొంగ ఓట్లు నిజంగా పడి ఉంటే శాతం పెరగాలి, తగ్గకూడదు. తక్కువ శాతానికి అసలు కారణాల్లో జాబితా బరువు ఒకటి. అద్దె ఇల్లు మారిన వాళ్లు, ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిన వాళ్లు, చనిపోయిన వాళ్లు పేర్లలో మిగిలే ఉంటారు. ఇంకొందరికి సొంతూళ్లోనూ ఓటుంటుంది. రెండు చోట్ల నమోదు ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నిషిద్ధం, తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

సరిచేయడం కష్టం కాదు. ఇల్లు మారితే ఫారం 8. అందులో చిరునామా మార్పు గడి టిక్ చేసి, కొత్త ఇంటి రుజువు జతచేయాలి. చనిపోయిన వారి పేరు తీయించడానికి ఫారం 7. ఎక్కువమంది చేసే పొరపాటు, ఇల్లు మారాక మళ్లీ కొత్తగా ఫారం 6 నింపడం. దాంతో పాత పేరు అలాగే ఉండి రెండో పేరు చేరుతుంది. హైదర్‌నగర్ నుంచి కేపీహెచ్‌బీకి ఇల్లు మారారనుకోండి, దూరం ఆటోలో పది నిమిషాలు కూడా ఉండకపోవచ్చు, కానీ ఎమ్మెల్యే మారతారు, ఎంపీ మారతారు. ఫారం 8 ఇవ్వకపోతే మీ పేరు శేరిలింగంపల్లి 7 లక్షల్లోనే ఉండిపోతుంది.