సవరణ: మైటోకాండ్రియా తన ప్రోటీన్లన్నీ తానే తయారు చేసుకోదు

కణాంగాల (కణం లోపల ఒక్కో పని చేసే భాగాల) పుట్టుకపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో, కణానికి శక్తిని అందించే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది కాబట్టి దానికి కావలసిన ప్రోటీన్లన్నీ అదే తయారు చేసుకుంటుందని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

1981లో ప్రచురితమైన మానవ మైటోకాండ్రియా డీఎన్ఏ క్రమం, ఇప్పటి కణజీవశాస్త్ర పాఠ్యగ్రంథాలు చెప్పేది వేరు. ఆ డీఎన్ఏలో ఉన్నవి 37 జన్యువులు; ప్రోటీన్లకు ఆదేశాలిచ్చేవి వాటిలో 13 మాత్రమే. మైటోకాండ్రియాలో పనిచేసే ప్రోటీన్లు వెయ్యికి పైగా ఉండగా, వాటిలో దాదాపు అన్నీ కేంద్రకంలోని జన్యువుల ఆదేశాలతో కణద్రవ్యంలో తయారై లోపలికి చేరుతాయి. వీటిలో చాలావాటి మొదట్లో చిరునామా చీటీ లాంటి చిన్న అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది. పొరలోని ద్వారాలు దాన్ని గుర్తుపట్టి ప్రోటీన్‌ను, మడత విప్పిన దారంలా, లోపలికి లాక్కుంటాయి, ఆ తర్వాత ఆ చీటీ తెగిపోతుంది.

మైటోకాండ్రియా ఒకప్పుడు వేరే కణంలో చేరి బతికిన బ్యాక్టీరియా; దాని జన్యువుల్లో కొన్ని నశించి, కొన్ని కేంద్రకానికి తరలిపోవడం వల్లనే ఈ ఏర్పాటు అవసరమైంది. అందుచేత ఒక సహజీవి (మరో కణంలో కలిసి బతికే జీవి) కణాంగంగా మారిందా అని తేల్చడానికి, నేను సూచించినట్టు సొంత డీఎన్ఏ ఉండటం కాక, ఆతిథేయి (దానికి చోటిచ్చిన కణం) ప్రోటీన్లను దిగుమతి చేసుకోవడమే మెరుగైన కొలమానం. సముద్రపు శైవలం బ్రారుడోస్ఫేరా బిగెలోవీలో నత్రజనిని స్థాపించే (కణానికి పనికొచ్చే రూపంలోకి మార్చే) సహజీవిని 2024లో పరిశోధకులు ‘నైట్రోప్లాస్ట్’ అనే కణాంగంగా పరిగణించడానికి, అది కణంతో పాటే విభజన చెందడంతో బాటు, ఈ దిగుమతి కూడా ముఖ్య కారణం.