వజ్రంలాంటి కుర్రాడు

ఒకే ప్రశ్న మీద పదిమంది చేసిన పరిశోధనలను కలిపి ఒక్క లెక్క తేల్చడాన్ని మెటా ఎనాలిసిస్ అంటారు. టైఫాయిడ్ టీకా మీద బ్రిటిష్ సైనికుల లెక్కలను కార్ల్ పియర్సన్ 1904లోనే ఇలా కలిపి చూశాడు. 1976లో జీన్ గ్లాస్ ఆ పేరు పెట్టాడు. ఇద్దరిలో ఎవరికీ గుంటూరుతో పరిచయం ఉన్నట్టు లేదు. ఉంటే, బ్రాడీపేటలో ఈ పనిని పెళ్లి సంబంధం వాకబు అంటారని తెలిసేది.

పీజీలో ఈ విద్య నేర్చుకుంటున్న మా అన్నయ్య కూతురు, తన సంబంధం మీదే ప్రయోగిస్తానంది. తొమ్మిదిమందిని వాకబు చేశాం. తీరా చూస్తే ఆరుగురికి కబురు అందించింది ఒకే మధ్యవర్తి. "ఇవి ఆరు కాదు బాబాయ్, ఒకటే" అని ఐదు కొట్టేసింది. ఆ ఆరిళ్లలోనూ కాఫీ తాగొచ్చిన నాకు ప్రాణం ఉసూరుమంది.

తర్వాత తూకం. శాస్త్రం ప్రకారం ఊగిసలాట తక్కువున్న లెక్కకు బరువెక్కువ. మా ఇంట్లో గొంతుకు బరువెక్కువ. వదిన వాళ్ల అన్నగారు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారి. కుర్రాణ్ణి ఆయన చూసింది ఒక్కసారి, అదీ పెళ్లిభోజనాల బంతిలో, వెనక నుంచి. కుర్రాడి పక్కింట్లో మూడేళ్లు అద్దెకున్న టీచరమ్మ కూడా ఏదో అంది గానీ, ఆయన మాట్లాడుతుండటంతో ఎవరికీ వినపడలేదు. హైదరాబాద్ రూమ్మేట్ నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఇక్కడ పండితుల్లో రెండు పక్షాలున్నాయి. కుర్రాడు అన్నిచోట్లా ఒక్కడే, తేడా అంతా చెప్పేవాళ్ల పొరపాటేననుకుంటే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్. ఊరికో కుర్రాడుంటాడని ముందే ఒప్పుకుంటే రాండమ్ ఎఫెక్ట్స్. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసినవాణ్ణి, నాది రెండో పక్షం.

అసలు గండం సొరుగు. ఆశించిన ఫలితం రాని పరిశోధనలు అచ్చుకెక్కకుండా సొరుగుల్లోనే ఉండిపోతాయని 1979లో రోజెంతాల్ మొత్తుకున్నాడు. మన దగ్గర ఆ సొరుగు పేరు 'పెళ్లి చెడగొట్టిన పాపం మనకెందుకు'. ఇదే కుర్రాడితో నిశ్చితార్థం దాకా వెళ్లి వెనక్కొచ్చిన వాళ్లకు ఫోన్ చేశాను. "బంగారంలాంటి మనుషులండీ, జాతకాలు కుదరలేదంతే" అన్నారు. ఆ 'అంతే'కు ముందు ఎంతసేపు ఆగారో మాత్రం ఏ పట్టికలోనూ పట్టలేదు.

చివరికి పిల్ల బొమ్మ గీసింది. ఒక్కో వాకబుకు ఒక్కో చతురస్రం, దాని అనుమానమెంతో చూపించే అడ్డగీత, మధ్యలో మంచికీ చెడుకీ హద్దుగా నిలువుగీత, అన్నిటికీ అడుగున మొత్తం కలిపిన లెక్క. వదిన వాళ్ల అన్నగారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"అడుగున ఉన్నదేంటమ్మా?"

"దాన్ని వజ్రం అంటారు పెదమామయ్యా. అయితే అది నిలువుగీతకు అటూ ఇటూ ఉంది, అంటే ఏమీ తేల..."

"నేను చెప్పలా! వజ్రంలాంటి కుర్రాడని కంప్యూటరే ఒప్పుకుంది" అంటూ ఆయన పంతులుగారికి ఫోన్ కలిపారు.