రెండు పరీక్షల్లో గట్టిగా ఉండాల్సింది ఏది?

లాయర్ కావాలనుకునే తెలుగు విద్యార్థి దాటాల్సిన పరీక్షలు ముఖ్యంగా రెండు. ఇంటర్ అయ్యాక జాతీయ లా వర్సిటీల ప్రవేశపరీక్ష క్లాట్ లేదా రాష్ట్ర లా కాలేజీల ప్రవేశపరీక్ష లాసెట్, లా చదువు చివర కోర్టుల్లో వాదించడానికి కావలసిన ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ (ఏఐబీఈ). మొదటిదానికి ఏళ్ల తరబడి కోచింగ్, ఇంటిల్లిపాదికీ టెన్షన్. రెండోదాని గురించి కోర్టులో లాయర్లు కూర్చునే బార్ రూమ్‌లో అడిగితే చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు. నా అభ్యంతరం ఇక్కడే. సీటు రాకపోతే నష్టపోయేది విద్యార్థి. పని తెలియని లాయరు చేతిలో పడితే నష్టపోయేది కక్షిదారు. గట్టి జల్లెడ ఉండాల్సిన చోటు మనకు తలకిందులైంది.

క్లాట్ 2008లో మొదలైంది. 2020 నుంచి తీరు మారి, పేరాలు ఇచ్చి వాటిమీద ప్రశ్నలు అడుగుతున్నారు. ఇప్పుడు రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. బట్టీ తగ్గింది, అది మంచిదే. కానీ పరీక్ష ఇంగ్లిషులో మాత్రమే. కాబట్టి అది కొలిచేది తర్కంతో పాటు, చాలావరకు తర్కం కంటే ఎక్కువగా, ఇంగ్లిషు చదివే వేగాన్ని. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి న్యాయబుద్ధి ఎంత ఉన్నా హైదరాబాద్ నల్సార్‌లోనో, విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీలోనో అడుగుపెట్టడం కష్టం. లాసెట్ తెలుగులో రాయొచ్చు, అయితే దాంతో ఆ రెండు చోట్లా సీటు రాదు. (2025 క్లాట్ జవాబుల కీలో తప్పులున్నాయన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబోయే లాయర్లకు తొలి పాఠం అలా దొరికింది.)

ఇక ఏఐబీఈ. వంద ప్రశ్నలు, అన్నీ నాలుగింట ఒకటి ఎంచుకునేవే. మైనస్ మార్కులు లేవు. నోట్స్ రాయని బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టాల పుస్తకాలు) వెంట తీసుకెళ్లొచ్చు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. తప్పితే మళ్లీ రాసుకోవచ్చు. సిలబస్‌లో వృత్తి నైతికతకు కేటాయించింది నాలుగు ప్రశ్నలు. క్లయింటు డబ్బు విడిగా ఉంచడం, ఎదుటి పక్షం మనిషి తన దగ్గరకే వస్తే ఏం చేయాలో తెలియడం, ఇలాంటివన్నీ ఆ నాలుగింట్లోనే సర్దుకోవాలి. ప్లయింటు (దావా పత్రం) రాయించరు, ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడుగుతావని అడగరు, కాలపరిమితి దాటిపోతున్న కేసు చేతికొస్తే ముందు ఏ కాగితం వేస్తావని అడగరు.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. 1961 అడ్వకేట్ల చట్టంలో ఎన్‌రోల్‌మెంట్‌కు (లాయరుగా పేరు నమోదుకు) ముందు శిక్షణ, పరీక్ష రెండూ ఉండేవి. 1973 సవరణతో రెండూ పోయాయి. 1995లో లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఏడాది శిక్షణను నిబంధనగా తెస్తే, ఆ అధికారం కౌన్సిల్‌కు లేదని 1999లో సుధీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పన్నెండేళ్ల తర్వాత, 2011లో, తొలి ఏఐబీఈ జరిగింది. శిక్షణ స్థానంలో ఓఎంఆర్ షీటు వచ్చి కూర్చుంది. 2023 ఫిబ్రవరిలో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఏఐబీఈని సమర్థించింది. అదే తీర్పులో సుధీర్ తీర్పు సరికాదనీ తేల్చింది. అంటే శిక్షణకు అడ్డొచ్చిన గోడ కూలింది. పత్రికలు పరీక్ష నిలిచిందన్న సంగతే రాశాయి కానీ, నా దృష్టిలో అసలు వార్త రెండోదే.

అమెరికా పద్ధతిని మెచ్చుకోడానికి తొందరపడనక్కర్లేదు. కాలిఫోర్నియాలో 2025 ఫిబ్రవరి బార్ పరీక్ష సాంకేతిక లోపాలతో రసాభాస అయింది. అయినా అక్కడి నుంచి రెండు విషయాలు తీసుకోవచ్చు. చాలా రాష్ట్రాల్లో వృత్తి నైతికత మీద 60 ప్రశ్నలతో వేరే పరీక్షే ఉంది. బార్ పరీక్షలో ఒక కల్పిత కేసు ఫైలు, దానికి కావలసిన చట్టాలు, తీర్పులు చేతికిచ్చి, తొంభై నిమిషాల్లో మెమోనో వాదననో రాయమంటారు. అందులో బట్టీకి చోటు లేదు, ఉన్న కాగితాలతో పని చేయగలవా అన్నదే ప్రశ్న.

పరీక్ష గట్టిగా చేస్తే పల్లె పిల్లలు, తొలితరం లాయర్లు నష్టపోతారన్న వాదన ఉంది. కొట్టిపారేసే మాట కాదు. కానీ ఏఐబీఈ ఇప్పటికే తెలుగులో రాయొచ్చు. మండల కోర్టులో సాక్షి మాట్లాడేది తెలుగే. తెలుగులో అఫిడవిట్ రాయమంటే ఇంగ్లిషు మీడియం వాళ్ల కంటే వీళ్లే బాగా రాసే అవకాశం ఎక్కువ. వీళ్లకు నిజంగా అడ్డుపడుతోంది క్లాట్ భాష. అసలు చిక్కు మరోచోట ఉంది. ఇన్ని భాషల్లో రాసిన జవాబులను ఒకే కొలతతో దిద్దడం ఖర్చుతో కూడిన పని, వివాదాలూ వస్తాయి. కాబట్టి వంద ప్రశ్నలూ తీసేయమనను. యాభై ఉంచి, మిగతా మార్కులకు ఒక ఫైలు ఇచ్చి రాయించాలి. నైతికతకు వేరే పేపరు పెట్టి, అందులో విడిగా పాస్ కావాలనాలి. సీనియర్ దగ్గర ఆరు నెలల పని కూడా తప్పనిసరి చేయాలి, అయితే దానికి స్టైపెండు ఉంటేనే. జీతం లేని జూనియర్‌షిప్ తప్పనిసరి చేస్తే మళ్లీ ఉన్నవాళ్లే మిగులుతారు.

2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. ఆ మూడేళ్లను, ఏఐబీఈ పాస్ కాకముందు ఇచ్చే తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కేయాలంది. జడ్జి కుర్చీకి కోర్టులో గడిపిన కాలం కావాలంటున్నాం. ఆ జడ్జి ముందు నిలబడి ఒకరి ఆస్తి కోసమో బెయిలు కోసమో వాదించే మనిషికి మాత్రం ఓఎంఆర్ షీటు మీద నలభై అయిదు మార్కులు చాలంటున్నాం.