విలువ సరైనదే, టైపు రాసిందే తప్పు

పొద్దున్నే పని మొదలుపెడదామని ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిస్తే చాలు, సగం స్క్రీన్ ఆక్రమించేసి వార్నింగ్స్ విండో. ఒక ప్యాకేజీ (ఈమ్యాక్స్‌కి జోడించుకునే అదనపు ప్రోగ్రామ్) ఆప్షన్‌కి నేనిచ్చిన ‘నిల్’ (ఏమీ లేదు అనే విలువ) దాని టైపుకి, అంటే ఏ రకం విలువ ఇవ్వాలని రాశారో దానికి, సరిపోలేదట! ప్యాకేజీ కోడ్ తెరిచి చూశాను. నిల్ వస్తే ఆ పని వదిలేయమని లోపల శుభ్రంగా రాసి ఉంది, వద్దనుకుంటే నిల్ పెట్టుకోమని వివరణలో కూడా ఉంది, కానీ ఆప్షన్‌ని ప్రకటించే డెఫ్‌కస్టమ్ దగ్గర టైపు మాత్రం ఉత్త ‘ఇంటిజర్’ (పూర్ణాంకం) అని పెట్టి వదిలేశారు. ‘చాయిస్’ (వీటిలో ఏదైనా సరే) అంటూ నిల్‌ని కూడా కలిపి రాయడానికి ఒక్క లైను చాలు కదా!

2023లో ఈమ్యాక్స్ 29వ వెర్షన్‌తో, ఆప్షన్‌కి విలువ పెడుతూనే దాని టైపు కూడా సరిచూసే సెట్‌ఆప్ట్ వచ్చింది, మంచిదే. నంబరు ఇవ్వాల్సిన చోట పొరపాటున కోట్స్‌లో "80" అని పెడితే, విలువ పెట్టే పాత పద్ధతి సెట్‌క్యూ చాలాసార్లు నోరు మెదపదు, ఆ తర్వాత ఎక్కడో ఇంకేదో ఆగిపోతే గంటలకొద్దీ వెతుక్కోవాలి. సెట్‌ఆప్ట్ అయితే అక్కడికక్కడే చెప్పేస్తుంది. అందుకే నా సెట్టింగ్స్ అన్నీ ఓపిగ్గా దానికి మార్చుకున్నాను. తీరా చూస్తే తప్పు లేని లైనుకి రోజూ ఈ గోల. విలువ ఎలాగూ సెట్ అవుతోంది, వార్నింగ్ మాత్రం పోదు. చూసీ చూసీ, నిజంగా నేను తప్పు రాసిన రోజు వచ్చే వార్నింగ్ కూడా చదవకుండా మూసేస్తానేమోనని భయం. నిన్న ఆ ఒక్క లైనుని మళ్లీ సెట్‌క్యూకి మార్చేశాను, మనసొప్పకపోయినా.